పాఠం 8: డెస్క్‌టాప్ నుంచి మెయిన్‌ఫ్రేమ్‌కు స్వయంచాలక ఫైలు బదిలీ – లోపాలను కనుక్కోవడం

8.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• డెస్క్‌టాప్ కంప్యూటరు, మెయిన్‌ఫ్రేమ్ ఒకే ఫైలును వేర్వేరుగా ఎందుకు చూస్తాయో వివరించగలుగుతారు.
• బదిలీ సమయంలో వచ్చే మూడంకెల జవాబు సంకేతాలను చదివి, లోపం ఏ దశలో ఉందో చెప్పగలుగుతారు.
• చేతితో పంపినప్పుడు వెళ్లిన ఫైలు, ప్రోగ్రాం పంపినప్పుడు ఎందుకు వెళ్లదో కారణాలు గుర్తించగలుగుతారు.
• రెండు చివర్లా లెక్క సరిచూసి, ఫైలు సరిగా చేరిందో లేదో నిర్ధారించగలుగుతారు.

8.1 పరిచయం

గోదావరిఖని, రామగుండం ప్రాంతాల విద్యార్థులకు 'మస్టర్' అనే మాటను వివరించనవసరం లేదు. షిఫ్టుకు వచ్చిన కార్మికుడి హాజరు నమోదైతే 'మస్టర్ పడింది' అంటారు. గనుల చట్టం, 1952లోని 52వ సెక్షన్ ఈ మస్టర్లకూ సెలవుకూ ముడిపెట్టింది. ఆ చట్టం అమలులో ఉన్నప్పుడు, ఒక క్యాలెండర్ సంవత్సరంలో భూగర్భ కార్మికుడు కనీసం 190 హాజర్లు, ఇతరులు కనీసం 240 హాజర్లు పూర్తిచేస్తే ఆ సంవత్సరపు సర్వీసు పూర్తయినట్లు లెక్కించేవారు. అప్పుడే వేతనంతో కూడిన సెలవు వచ్చేది. భూగర్భ కార్మికులకు 15 రోజుల పనికి ఒక రోజు, ఇతరులకు 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున ఆ సెలవును లెక్కగట్టేవారు.

ఆ నియమం ఉన్న రోజుల్లో 190 రోజులు గనిలోకి దిగిన మనిషి పేరు మీద కంప్యూటరులో 189 మస్టర్లే ఉన్నాయనుకోండి. ఒక్క రికార్డు తక్కువైనందుకు అతని ఏడాది సెలవే చిక్కులో పడుతుంది. ఆ రికార్డు ఎక్కడ పోయిందో అతనికి తెలియదు. దాన్ని కనుక్కోవలసింది ఫైళ్లు పంపే ఉద్యోగి. ఆ పని ఎలా చేయాలో ఈ పాఠంలో నేర్చుకుంటారు.

చదువుకోవడానికి వీలుగా ఒక ఊహా గనిని తీసుకుందాం. ఇది ఏ సంస్థలోనూ ఉన్న ఏర్పాటు కాదు. ఈ గని కార్యాలయంలోని డెస్క్‌టాప్ ప్రోగ్రాం ప్రతి షిఫ్టు చివర మస్టర్ల ఫైలును తయారుచేస్తుంది. ఆ ఫైలు రాత్రిపూట దానంతటదే ప్రధాన కార్యాలయంలోని మెయిన్‌ఫ్రేమ్‌కు వెళ్తుంది. అక్కడి ప్రోగ్రాం దాని ఆధారంగా జీతాల లెక్క వేస్తుంది.

8.2 మెయిన్‌ఫ్రేమ్ ఎందులో భిన్నం?

ఐబీఎం సంస్థ 1964 ఏప్రిల్ 7న సిస్టమ్/360 అనే కంప్యూటర్ల శ్రేణిని ప్రకటించింది. నేటి ఐబీఎం మెయిన్‌ఫ్రేములు దాని వారసులే. పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు వీటిని ఇప్పటికీ వాడుతున్నాయి. డెస్క్‌టాప్‌కూ మెయిన్‌ఫ్రేమ్‌కూ మధ్య మనకు అవసరమైన తేడాలు మూడు.

(అ) అక్షర సంకేతాలు: డెస్క్‌టాప్‌లో ఇంగ్లీషు అక్షరాలకు, అంకెలకు 'ఆస్కీ' సంకేతాలు, ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్‌లో 'ఎబ్సిడిక్' సంకేతాలు వాడతారు. పదహారు ఆధారంగా గల లెక్కలో ఇంగ్లీషు పెద్ద 'ఎ' అక్షరానికి ఆస్కీలో 41, ఎబ్సిడిక్‌లో సి1. సున్నాకు ఆస్కీలో 30, ఎబ్సిడిక్‌లో ఎఫ్0. ఖాళీ జాగాకు ఆస్కీలో 20, ఎబ్సిడిక్‌లో 40. వరుసక్రమం కూడా మారుతుంది. ఆస్కీలో అంకెలు అక్షరాల కంటే ముందు వస్తాయి, ఎబ్సిడిక్‌లో అక్షరాల తరువాత వస్తాయి.

(ఆ) రికార్డు పొడవు: డెస్క్‌టాప్ టెక్స్ట్ ఫైలులో పంక్తి ఎంత పొడవైనా ఉండవచ్చు. పంక్తి అయిపోయిందని చెప్పడానికి విండోస్ రెండు గుర్తులు పెడుతుంది. మెయిన్‌ఫ్రేమ్‌లో మాత్రం చాలా ఫైళ్లకు రికార్డు పొడవు ముందే నిర్ణయమై ఉంటుంది. పొడవు 80 అంటే ప్రతి రికార్డూ సరిగ్గా 80 అక్షరాలే, వాటి మధ్య ముగింపు గుర్తులు ఉండవు. ఈ 80 అనే సంఖ్య 80 నిలువు వరుసలుండే పాత పంచ్ కార్డు నుంచి వచ్చింది.

(ఇ) ఫైళ్ల పేర్లు: మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైలును 'డేటాసెట్' అంటారు. దాని పేరులో చుక్కలతో వేరుచేసిన భాగాలుంటాయి. ఒక్కో భాగం 8 అక్షరాలకు, మొత్తం పేరు 44 అక్షరాలకు మించకూడదు. పంపేటప్పుడు పూర్తి పేరును ఒంటి కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వకపోతే, మెయిన్‌ఫ్రేమ్ సాధారణంగా మీ యూజర్ పేరును ముందు చేర్చి మరో డేటాసెట్‌ను తయారుచేస్తుంది. ఫైలు వెళ్లినట్లే కనిపిస్తుంది గాని, జీతాల ప్రోగ్రాం వెతికే చోట అది ఉండదు.

8.3 ఫైలు బదిలీ ఎలా జరుగుతుంది?

రెండు వేర్వేరు రకాల కంప్యూటర్ల మధ్య ఫైలు నడవాలంటే రెండూ ఒప్పుకున్న నియమాలు కావాలి. అటువంటి నియమావళే ఎఫ్.టి.పి. దాని తొలి రూపాన్ని 1971 ఏప్రిల్‌లో రాసినవారు అభయ్ భూషణ్. ఆయన కాన్పూర్ ఐఐటీ తొలి బ్యాచ్ విద్యార్థి, అప్పటికి అమెరికాలోని ఎమ్ఐటీలో ఉన్నారు. ఇప్పటికీ ఆధారంగా తీసుకునే రూపం 1985 అక్టోబరులో వెలువడింది.

ఎఫ్.టి.పి.లో రెండు దారులుంటాయి. మొదటిది ఆజ్ఞల దారి. పేరు, పాస్‌వర్డ్, 'ఈ ఫైలు తీసుకో' వంటి మాటలు ఇందులో నడుస్తాయి. దీని సర్వరు పోర్టు 21. రెండవది సమాచారపు దారి. అసలు ఫైలు ఇందులో వెళ్తుంది. 'యాక్టివ్' పద్ధతిలో ఈ రెండవ దారిని సర్వరే మన కంప్యూటరు వైపు తెరుస్తుంది. 'పాసివ్' పద్ధతిలో సర్వరు ఒక పోర్టు సంఖ్య చెబుతుంది, మన కంప్యూటరు అక్కడికి వెళ్తుంది.

దారులు రెండు కావడం వల్ల ఒక విచిత్రమైన లోపం వస్తుంది. లాగిన్ అవుతుంది, సర్వరు పలుకుతుంది, కాని ఫైలు మాత్రం కదలదు. ఆజ్ఞల దారి తెరిచే ఉన్నా, సమాచారపు దారిని ఫైర్‌వాల్ అడ్డుకుంటున్నదని దీని అర్థం. ఇటువంటప్పుడు పాస్‌వర్డ్‌ను అనుమానించడం వృథా. పాసివ్ పద్ధతికి మార్చి చూడాలి. విండోస్‌తో పాటు వచ్చే పాత ఎఫ్.టి.పి. ఆజ్ఞలో పాసివ్ బదిలీ లేదు కనుక, దాన్ని వాడుతుంటే వేరే ప్రోగ్రాం అవసరమవుతుంది.

మామూలు ఎఫ్.టి.పి.లో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా తీగ మీద వెళ్తుంది. అందుకే ఇప్పుడు ఎఫ్.టి.పి.ఎస్. లేదా ఎస్.ఎఫ్.టి.పి. వాడతారు. పేర్లు దగ్గరగా ఉన్నా ఇవి వేర్వేరు. మొదటిది ఎఫ్.టి.పి.కే రహస్య కవచం తొడిగినది. రెండవది పూర్తిగా వేరే నియమావళి. అందులో ఫైలు సాధారణంగా ఉన్నది ఉన్నట్లుగానే వెళ్తుంది, కాబట్టి అక్షర సంకేతాల మార్పిడికి విడిగా ఏర్పాటు చేసుకోవాలి.

8.4 జవాబు సంకేతాలను చదవడం

ప్రతి ఆజ్ఞకూ సర్వరు మూడంకెల సంఖ్యతో జవాబిస్తుంది. మొదటి అంకె ఫలితాన్ని చెబుతుంది:
1 – పని మొదలైంది
2 – పని పూర్తయింది
3 – ఇంకా కొంత సమాచారం కావాలి
4 – ఇప్పటికి కుదరలేదు, తరువాత ప్రయత్నించవచ్చు
5 – ఇలాగే అడిగితే మళ్లీ ఇదే జవాబు వస్తుంది

రెండవ అంకె విషయాన్ని చెబుతుంది. 0 అయితే ఆజ్ఞ రాసిన తీరు, 2 అయితే దారులు, 3 అయితే లాగిన్, 5 అయితే ఫైళ్లు.

ఈ రెండూ తెలిస్తే సంకేతాల పట్టికను కంఠస్థం చేయనవసరం లేదు. 530 వచ్చిందనుకోండి. 5 అంటే విఫలం, 3 అంటే లాగిన్. కనుక యూజర్ పేరో పాస్‌వర్డో తప్పు. 425 వస్తే సమాచారపు దారి తెరుచుకోలేదని అర్థం. 550 వస్తే ఫైలు లేదా డేటాసెట్ వ్యవహారం. పేరు తప్పు కావచ్చు, అనుమతి లేకపోవచ్చు, ఆ డేటాసెట్ వేరే పనిలో ఉండవచ్చు. 452 వస్తే సర్వరులో చోటు చాలలేదు.

4తో మొదలైన జవాబుకు కొంత ఆగి మళ్లీ ప్రయత్నించమని ప్రోగ్రాముకు చెప్పవచ్చు. 5తో మొదలైనదానికి అలా చెప్పకూడదు. ముఖ్యంగా 530 వచ్చినప్పుడు ప్రోగ్రాం అదే పాస్‌వర్డ్‌తో పదేపదే ప్రయత్నిస్తే, మెయిన్‌ఫ్రేమ్ భద్రతా వ్యవస్థ ఆ యూజర్ పేరునే నిలిపివేస్తుంది. అప్పుడు చిన్న లోపం పెద్దదవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) లాగిన్ అయిన తరువాత 425 వచ్చింది. మొదట దేన్ని పరిశీలిస్తారు?
(ఆ) 530కి మళ్లీ మళ్లీ ప్రయత్నించడం ఎందుకు ప్రమాదకరం?

8.5 చేతితో పంపితే వెళ్తుంది, ప్రోగ్రాం పంపితే వెళ్లదు

సంపర్క తరగతుల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇది. పగలు ఉద్యోగి కూర్చుని పంపితే వెళ్లిన ఫైలు, రాత్రి షెడ్యూలరు పంపితే వెళ్లదు. ఫైలు అదే, సర్వరు అదే. మారినవి ఏమిటో చూడాలి.

1. మారిన యూజర్: షెడ్యూలరు వేరే విండోస్ యూజర్ పేరుతో నడుస్తూ ఉండవచ్చు. మీరు లాగిన్ అయినప్పుడు కనిపించే నెట్‌వర్క్ డ్రైవ్ అక్షరం ఆ యూజర్‌కు ఉండదు. డ్రైవ్ అక్షరానికి బదులు పూర్తి నెట్‌వర్క్ చిరునామా ఇవ్వాలి.

2. మారిన ఫోల్డరు: ప్రోగ్రాం మొదలయ్యే ఫోల్డరు వేరైతే, ఫైలు పేరు మాత్రమే రాసిన చోట అది దొరకదు. ఫోల్డరుతో సహా పూర్తి పేరు రాయాలి.

3. జవాబు చెప్పే మనిషి లేకపోవడం: 'పంపమంటారా?' అని అడిగే ప్రశ్నకు పగలు మనం సరేనంటాం. రాత్రి ఎవరూ ఉండరు, ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది. పాస్‌వర్డ్ గడువు తీరి, మెయిన్‌ఫ్రేమ్ కొత్తది అడిగినప్పుడు కూడా ఇదే జరుగుతుంది.

4. తేదీ: రాత్రి షిఫ్టు ఒక తేదీన మొదలై మరో తేదీన ముగుస్తుంది. ఫైలు పేరులో 'ఈరోజు తేదీ' పెట్టే ప్రోగ్రాం అర్ధరాత్రికి ముందు నడిస్తే ఒక పేరు, తరువాత నడిస్తే మరో పేరు పెడుతుంది. పేరులో ఉండవలసింది షిఫ్టు మొదలైన తేదీ.

5. సగం రాసిన ఫైలు: డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఇంకా రాస్తూండగానే బదిలీ మొదలైతే అప్పటివరకు రాసిన భాగమే వెళ్తుంది. ఫైలును తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టడం దీనికి పరిష్కారం. బదిలీ ప్రోగ్రాం అసలు పేరున్న ఫైలునే తీసుకుంటుంది.

6. తప్పుడు విజయ సూచన: విండోస్‌లోని పాత ఎఫ్.టి.పి. ఆజ్ఞ, లోపల ఫైలు వెళ్లకపోయినా, ముగిసేటప్పుడు సాధారణంగా 0 అనే ఫలితాన్నే ఇస్తుంది. షెడ్యూలరు దాన్ని విజయంగా నమోదు చేసుకుంటుంది. కనుక సర్వరు జవాబులన్నిటినీ లాగ్ ఫైలులో భద్రపరచి, 4తో గాని 5తో గాని మొదలైన సంకేతాలు అందులో ఉన్నాయేమో ప్రోగ్రాముతోనే వెతికించాలి.

8.6 ఫైలు చేరింది గాని చెడిపోయింది

ఎఫ్.టి.పి.లో 'టెక్స్ట్', 'బైనరీ' అనే రెండు బదిలీ రీతులుంటాయి. టెక్స్ట్ రీతిలో ఆస్కీ అక్షరాలు ఎబ్సిడిక్‌గా మారతాయి, ప్రతి పంక్తీ ఒక రికార్డవుతుంది. బైనరీ రీతిలో ఏ మార్పూ జరగదు. రీతిని తప్పుగా ఎంచుకుంటే సర్వరు ఏ తప్పూ చూపదు. బదిలీ విజయవంతమనే చెబుతుంది.

మస్టర్ల ఫైలును పొరపాటున బైనరీలో పంపారనుకుందాం. అంకెలు ఆస్కీ సంకేతాలతోనే మెయిన్‌ఫ్రేమ్‌కు చేరతాయి. పైగా పంక్తి చివరి రెండు గుర్తులు కూడా సమాచారంగా చేరిపోతాయి. 80 అక్షరాల పంక్తి 82 అవుతుంది గనుక రెండవ రికార్డు రెండు స్థానాలు, మూడవది నాలుగు స్థానాలు జరుగుతాయి. ఇలా జరుగుతూ పోయిన ఫైలును చూస్తే బైనరీ రీతిని అనుమానించాలి.

దీనికి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. మెయిన్‌ఫ్రేమ్ ప్రోగ్రాములు సంఖ్యలను 'ప్యాక్డ్ డెసిమల్' రూపంలో దాస్తాయి. ఒక బైటులో రెండంకెలు, చివర కూడిక లేదా తీసివేత గుర్తు ఉంటాయి. 12345 అనే సంఖ్య 12, 34, 5సి అనే మూడు బైట్లవుతుంది. డెస్క్‌టాప్ ప్రోగ్రాం ఈ రూపంలోనే రాసిన ఫైలును టెక్స్ట్ రీతిలో పంపితే, 34ను అది '4' అనే అక్షరంగా భావించి ఎఫ్4గా, 5సిని వెనక్కి వాలిన గీతగా (\) భావించి ఇ0గా మారుస్తుంది. అప్పుడు అది సంఖ్యే కాదు. దాన్ని కూడబోయిన ప్రోగ్రాం ఎస్0సి7 అనే లోప సంకేతంతో ఆగిపోతుంది. ఎస్0సి7 అంటే 'అంకె ఉండవలసిన చోట అంకె కానిది ఉంది' అని అర్థం. అందుకే మస్టర్ల వంటి ఫైలులో సంఖ్యలను మామూలు అంకెలుగానే రాసి టెక్స్ట్ రీతిలో పంపడం సురక్షితం.

మెయిన్‌ఫ్రేమ్ నుంచి తిరిగి తెచ్చిన ఫైలులో ఖాళీలు ఉండవలసిన చోట వరుసగా @ గుర్తులు కనిపిస్తే కారణం వెంటనే చెప్పవచ్చు. ఎబ్సిడిక్‌లో ఖాళీ జాగా 40. ఆస్కీలో 40 అంటే @. ఫైలు మార్పిడి లేకుండా వచ్చిందన్నమాట.

8.7 రెండు చివర్లా లెక్క

రామగుండం విద్యుత్కేంద్రానికి బొగ్గు తీసుకెళ్లే రైలును మీలో చాలామంది చూసి ఉంటారు. బొగ్గు వ్యాపారంలో పంపిన తూకం ఒకటి, అందిన తూకం ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే లెక్క తేలుతుంది. ఫైళ్లకూ ఇదే నియమం వర్తిస్తుంది. 'పంపాను' అని పంపినవాడు చెప్పడం చాలదు. 'ఇంత అందింది' అని అందుకున్నవాడు చెప్పాలి.

ఫైలు పరిమాణాన్ని పోల్చి చూస్తే సరిపోదా? టెక్స్ట్ రీతిలో సరిపోదు. 80 అక్షరాల పంక్తులు నాలుగుంటే డెస్క్‌టాప్‌లో 328 బైట్లు, మెయిన్‌ఫ్రేమ్‌లో 320 బైట్లు. ఫైలు సరిగా చేరినా పరిమాణం మారుతుంది.

అందుకని ఫైలు చివర ఒక 'ముగింపు రికార్డు' పెట్టాలి. అందులో రెండు సంఖ్యలుంటాయి: మొత్తం రికార్డులు ఎన్ని, కార్మికుల గుర్తింపు సంఖ్యలన్నీ కూడితే ఎంత. ఈ రెండవదాన్ని 'హాష్ టోటల్' అంటారు. గుర్తింపు సంఖ్యల మొత్తానికి అర్థమేమీ లేదు, సరిచూడడానికి మాత్రమే పనికొస్తుంది.

మన ఊహా గనిలో ఒక షిఫ్టు ఫైలులో నలుగురున్నారనుకుందాం. వారి సంఖ్యలు 1024, 1187, 1203, 1350. పంపిన రికార్డులు 4, హాష్ టోటల్ 4764. మెయిన్‌ఫ్రేమ్ లెక్కపెడితే రికార్డులు 3, టోటల్ 3577 వచ్చింది. తేడా 4764 – 3577 = 1187. ఒక్క రికార్డే తగ్గింది కనుక ఈ తేడాయే పోయిన మనిషి సంఖ్య.

ఇప్పుడు డెస్క్‌టాప్ ఫైలులో 1187 పంక్తిని, దాని ముందు పంక్తిని చూడాలి. ఎవరో ఫైలును తెరిచి చేతితో సరిదిద్దినప్పుడు 1024 పంక్తి చివర ఉండవలసిన ముగింపు గుర్తు చెరిగిపోయింది. రెండు పంక్తులు కలిసి 160 అక్షరాల పంక్తి అయింది. పొడవు 80 దాటితే ఏం చేయాలన్నది మెయిన్‌ఫ్రేమ్ అమరికను బట్టి ఉంటుంది. ఇక్కడ మిగిలిన భాగాన్ని కత్తిరించమని అమరిక ఉంది. 1024 మస్టర్ పడింది, 1187 మస్టర్ పోయింది. లెక్క సరిచూసే ఏర్పాటు లేకపోతే ఈ సంగతి ఏడాది చివర సెలవు అడిగినప్పుడు గాని బయటపడదు.

రికార్డుల సంఖ్య ఎక్కువైతే ఏదో ఒకటి రెండుసార్లు చేరింది. సంఖ్య సరిపోయి టోటల్ మారితే గుర్తింపు అంకెలు చెడ్డాయి. ముగింపు రికార్డే లేకపోతే సగం ఫైలు వచ్చింది. ఏ సందర్భంలోనైనా జీతాల ప్రోగ్రాం ఆ ఫైలును మొత్తంగా తిరస్కరించాలి. ఉన్నంతవరకు తీసుకోవడం మంచిది కాదు.

తిరస్కరించిన ఫైలును సరిచేసి మళ్లీ పంపేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. మొదటి ఫైలును అప్పటికే లెక్కలోకి తీసుకుని ఉంటే, రెండవది ఒకే షిఫ్టుకు రెండు మస్టర్లు వేస్తుంది. అందుకే ప్రతి ఫైలుకూ వరుస సంఖ్య ఇచ్చి, లెక్కలోకి తీసుకున్న సంఖ్య మళ్లీ వస్తే వదిలిపెట్టేలా ప్రోగ్రాం రాయాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) పంపిన రికార్డులు 4, టోటల్ 4764. అందినవి 5, టోటల్ 5967. ఏం జరిగింది?
(ఆ) టెక్స్ట్ రీతిలో ఫైలు పరిమాణం ఎందుకు మారుతుంది?

8.8 లోపాన్ని వెతికే క్రమం

ఫైలు అందలేదని కబురు రాగానే మళ్లీ పంపాలనిపిస్తుంది. అలా చేస్తే తప్పు ఎక్కడుందో చెప్పే ఆధారాలు చెరిగిపోవచ్చు. ముందు లాగ్ ఫైలును భద్రపరచి, తరువాత ఈ క్రమంలో వెళ్లండి.

1. డెస్క్‌టాప్‌లో ఫైలు తయారైందా? ముగింపు రికార్డు ఉందా?
2. షెడ్యూలరు నడిచిందా? ఏ యూజర్‌గా, ఏ సమయానికి?
3. సర్వరు పలికిందా? లాగిన్ అయిందా?
4. సమాచారపు దారి తెరుచుకుందా?
5. చివరి జవాబు 2తో మొదలైందా? దాని పక్కనున్న వాక్యం ఏమంటున్నది?
6. సరైన పేరున్న డేటాసెట్‌లోకే వెళ్లిందా?
7. అందిన రికార్డుల సంఖ్య, హాష్ టోటల్ సరిపోయాయా?

ఏ ప్రశ్నకు మొదటిసారి 'లేదు' అనే సమాధానం వస్తుందో లోపం అక్కడుంది. ఒకసారి ఒక్క మార్పే చేసి పరీక్షించండి. రెండు మార్పులు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, లోపం మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వస్తారు.

8.9 సారాంశం

డెస్క్‌టాప్, మెయిన్‌ఫ్రేమ్ అక్షర సంకేతాల్లో, రికార్డు పొడవులో, ఫైలు పేర్లలో వేరు. జవాబు సంకేతంలోని మొదటి రెండు అంకెలు లోపం ఎక్కడుందో చెబుతాయి. మనిషి లేనప్పుడు నడిచే ప్రోగ్రాముకు యూజర్, ఫోల్డరు, తేదీ, పాస్‌వర్డ్ గడువు వంటివన్నీ ముందే ఆలోచించి పెట్టాలి. బదిలీ విజయవంతమైందన్న సందేశం ఫైలు ప్రయాణం ముగిసిందని మాత్రమే చెబుతుంది. అందులోని ప్రతి మస్టరూ చేరిందని చెప్పగలిగేది అందుకున్న చోట సరిచూసిన లెక్క మాత్రమే.

8.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. (అ) సమాచారపు దారిని: ఫైర్‌వాల్, యాక్టివ్ – పాసివ్ పద్ధతి. (ఆ) మెయిన్‌ఫ్రేమ్ ఆ యూజర్ పేరును నిలిపివేస్తుంది.
2. (అ) తేడా 1203. ఆ సంఖ్య గల రికార్డు రెండుసార్లు చేరింది. (ఆ) పంక్తి ముగింపు గుర్తులు తొలగిపోయి, ప్రతి పంక్తీ నిర్ణీత పొడవు గల రికార్డు అవుతుంది గనుక.

8.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. స్వయంచాలక ఫైలు బదిలీ విఫలం కావడానికి గల కారణాలను ఉదాహరణలతో వివరించండి.
2. టెక్స్ట్, బైనరీ రీతుల మధ్య తేడాను తెలిపి, తప్పు రీతి వల్ల కలిగే ఫలితాలను చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. హాష్ టోటల్ ఉపయోగం ఏమిటి?
2. ఎఫ్.టి.పి.లోని రెండు దారులను గురించి రాయండి.

8.12 పదకోశం

ఆస్కీ, ఎబ్సిడిక్: అక్షరాలకు, అంకెలకు కేటాయించిన రెండు వేర్వేరు సంకేత పద్ధతులు.
డేటాసెట్: మెయిన్‌ఫ్రేమ్‌లో ఫైలుకు వాడే పేరు.
ముగింపు రికార్డు: ఫైలు చివర రికార్డుల సంఖ్యను, మొత్తాన్ని తెలిపే రికార్డు.
లాగ్ ఫైలు: ప్రోగ్రాం చేసిన పనులు, వచ్చిన జవాబులు వరుసగా నమోదయ్యే ఫైలు.
షెడ్యూలరు: నిర్ణీత సమయానికి ప్రోగ్రాములను దానంతటదే నడిపే ఏర్పాటు.